45 వేల బడ్జెట్: గ్రావెల్ బైక్ కోసం ఆగాలా, ఇప్పుడే హైబ్రిడ్ కొనేయాలా?

నల్లగండ్ల రైడర్:
అందరికీ నమస్తే. చేతిలో 45 వేలు ఉన్నాయి, హెల్మెట్, లైట్లు, పంపు అన్నీ అందులోనే రావాలి. వారంలో నాలుగు రోజులు హైదరాబాద్‌లో నల్లగండ్ల నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఆఫీసుకి, ఆదివారం గండిపేట మీదుగా శంకరపల్లి వైపు, కుదిరితే ఊళ్ల మధ్య మట్టి దారుల్లో తొక్కాలి. ఈ చలికాలం ఒక 200 కిలోమీటర్ల బ్రెవే, అంటే గడువులోపు ముగించాల్సిన దూరపు రైడ్, పూర్తి చేయాలని కూడా చాలా కోరికగా ఉంది. అన్నిటికీ ఒకటే సైకిలు, ఇంట్లో రెండోదానికి చోటు లేదు.

షాపులన్నీ తిరిగాక మూడు మిగిలాయి. కొత్త గ్రావెల్ బైక్ (వంపు హ్యాండిల్, లావు టైర్లతో మట్టి దారుల్లోనూ పోయేది), 62 వేలు. సస్పెన్షన్ లేని, తిన్నటి హ్యాండిల్ ఉన్న హైబ్రిడ్, హైడ్రాలిక్ (కేబులు బదులు ద్రవం ఒత్తిడితో పనిచేసే) డిస్క్ బ్రేకులతో 36 వేలు. ఒకాయన వాడిన రోడ్ బైక్ 40కి ఇస్తానంటున్నాడు, రిమ్ము బ్రేకులు, 25 మిల్లీమీటర్ల టైర్లు. గ్రావెల్ కోసం ఇంకో ఐదారు నెలలు ఆగమని కొందరు, ఆ పేరుకి డబ్బు పోయొద్దని కొందరు. మీరైతే ఏం చేస్తారు?

మొరం దారి:
ఆగు తమ్ముడూ. ఐదు నెలలు ఎంతలో గడిచిపోతాయి, సైకిలు మాత్రం ఐదేళ్లు నీతో ఉంటుంది. నువ్వు చెప్పిన మూడు పనులూ, అంటే ఆఫీసు, మట్టి దారి, 200 కిలోమీటర్లు, ఒక్క సైకిలు మీద చేయడానికే గ్రావెల్ బైక్ పుట్టింది. వంపు హ్యాండిల్ మీద చేతులు పెట్టుకోవడానికి కనీసం మూడు చోట్లు ఉంటాయి, చేవెళ్ల రోడ్డు మీద ఎదురుగాలి కొడితే కిందికి వంగొచ్చు. తిన్నటి హ్యాండిల్ మీద వంద కిలోమీటర్లు దాటాక అరచేతులు తిమ్మిరెక్కి బ్రేకు పట్టుకున్నానో లేదో కూడా తెలియని రోజు నాకుంది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

ఇది కంపెనీలు కొత్తగా తగిలించిన పేరు అనుకునేవాళ్లకి ఒక మాట. కాన్సస్‌లోని ఎంపోరియాలో 2006లోనే మట్టి రోడ్ల మీద 200 మైళ్ల పోటీ మొదలైంది, ఇప్పుడు దాన్నే అన్‌బౌండ్ అంటున్నారు. 2022లో ఇటలీలో గ్రావెల్‌కి మొదటి ప్రపంచ ఛాంపియన్‌షిప్ కూడా జరిగింది. రెండు చక్రాల మధ్య దూరం కాస్త ఎక్కువ, 40 పైన టైరు పట్టే చోటు, సంచులు బిగించడానికి బోల్టు రంధ్రాలు, ఇవన్నీ అవసరం కొద్దీ వచ్చినవే.

పాత రిమ్ము:
గ్రావెల్ బైక్ మంచిదేనన్నా, దాని మీద నాకు ఏ పేచీ లేదు. 45 వేలు చేతిలో పెట్టుకున్న కుర్రాడికి 62 వేల సైకిలు చెప్పడం మీదే నా పేచీ. అన్‌బౌండ్ జరిగే చోట నేలంతా పదునైన చెకుముకి రాళ్లు. మన దగ్గర అది కాదు కదా. గండిపేట చుట్టూ ఎర్ర మొరం, కొత్త లేఅవుట్లలో కంకర, శంకరపల్లి దాటితే రేగడి. ఈ మూడింటిలో సైకిలుని నిజంగా ఆపేసేది రేగడి ఒక్కటే.

పోయిన ఆగస్టులో ఇద్దరం పత్తి చేల మధ్య దారిలో దిగాం. రాత్రి వాన పడింది, పైకి ఆరినట్టే కనిపించింది. నా స్నేహితుడిది మంచి గ్రావెల్ బైక్, 40 టైర్లు, కానీ ఆ ఫ్రేములో 40 అంటే అంచుకి అంచు. రెండు వందల మీటర్లు పోయామో లేదో వెనక చక్రం తిరగడం మానేసింది. టైరుకీ ఫ్రేముకీ మధ్య నల్లమట్టి, అందులో గడ్డి పరకలు, గట్టిగా కూరినట్టు పట్టేసింది. తుమ్మ పుల్లతో పొడిచి తీయడం, పది అడుగులు పోవడం, మళ్లీ ఆగడం. చివరికి భుజాన వేసుకుని తారు రోడ్డు దాకా మోశాడు. ఇంటికెళ్లి కడిగితే ఫ్రేము లోపలి వైపు రంగు గీసుకుపోయి లోహం కనిపించింది. నాది పాత హైబ్రిడ్, 35 టైర్లు, అటూ ఇటూ వేలు దూరేంత సందు. బురద పట్టింది, రాలిపోయింది, చక్రం మాత్రం ఆగలేదు.

అందుకే నేను అడిగేది ఒకటే: టైరు వేశాక రెండు పక్కలా ఎంత సందు మిగులుతోంది? కనీసం ఐదారు మిల్లీమీటర్లు ఉండాలి. అది ఉన్నది ఏదైనా మన దారులకి గ్రావెల్ బైకే, ఫ్రేము మీద ఏం రాసున్నా సరే.

ఇక ధర సంగతి. బ్రేకూ గేరూ ఒకే లివరులో ఉండే వంపు హ్యాండిల్ సెట్టే ఖరీదు. కంపెనీ ఆ ఖర్చు ఎక్కడో ఒకచోట తగ్గించుకోవాలి, ఈ రేంజిలో ఎక్కువగా బ్రేకుల్లో తగ్గిస్తుంది, అంటే కేబులు డిస్కులు వస్తాయి. హైబ్రిడ్‌లో బ్రేకు, గేరు లివర్లు విడివిడిగా ఉంటాయి, చవక, కాబట్టి 36 వేలకే హైడ్రాలిక్ ఇవ్వగలుగుతున్నారు. జూలైలో వాన పడుతుండగా గచ్చిబౌలి ఫ్లైఓవర్ దిగేటప్పుడు రెండు వేళ్లతో ఆగే బ్రేకు విలువ తెలుస్తుంది.

కొండాపూర్ నైట్‌రైడ్:
మధ్యే మార్గం ఒకటుంది కదా. హైబ్రిడ్ కొని, వంపు హ్యాండిల్ వేయించుకుంటే సరి. మా కాలనీ షాపులో హ్యాండిల్ మూడు వేలు అన్నారు.

పాత రిమ్ము:
భయ్యా, దయచేసి అతన్ని ఆ దారి పట్టించకు. హ్యాండిల్ మూడు వేలే, కానీ దాని మీద పట్టే లివర్ల ధర కనుక్కున్నావా? పైగా రోడ్ బైక్ లివరు లాగే కేబులు పొడవూ, మౌంటెన్ బైక్ వెనక డీరైలరు (చైన్‌ని ఒక గేరు నుంచి ఇంకోదానికి జరిపేది) అడిగే పొడవూ చాలావాటిలో కలవవు, గేరు ఒకచోట నొక్కితే ఇంకోచోట పడుతుంది. హైడ్రాలిక్ బ్రేకులైతే లివర్లతో పాటు అవీ మార్చాలి. అన్నీ మార్చినా ఇంకొకటి మిగులుతుంది: హైబ్రిడ్ ఫ్రేము తిన్నటి హ్యాండిల్‌కి తగ్గట్టు పొడవుగా గీస్తారు, వంపుది వేస్తే చేతులు ఇంకా ముందుకి సాగుతాయి, వారంలో మెడ పట్టేస్తుంది. అరచేతుల బాధకైతే గ్రిప్పు చివర్న కొమ్ముల్లాంటి బార్ ఎండ్లు వేసుకోవచ్చు, కొన్ని వందల్లో అయిపోతుంది.

చక్రాల అక్క:
పాత రోడ్ బైక్ గురించి ఎవరూ మాట్లాడట్లేదు, నేను చెబుతాను. నేను కొన్న మొదటి సైకిలు సెకండ్ హ్యాండే, అమ్మినాయన "కొత్తదానిలా ఉంది మేడమ్" అన్నాడు, నిజంగానే మెరుస్తోంది. రెండు నెలల్లో చైన్, క్యాసెట్ (వెనక పళ్లచక్రాల గుత్తి), వెనక రిమ్ము మార్చాల్సొచ్చింది, పెట్టిన ఖర్చు చూస్తే కొత్తదే వచ్చేది. కాబట్టి తమ్ముడూ, చూడ్డానికి వెళ్లేటప్పుడు చైన్ చెకర్ (చైన్ ఎంత అరిగి సాగిందో చూపే చిన్న పనిముట్టు) పట్టుకెళ్లు, 0.75 గుర్తు దాటి దిగితే క్యాసెట్ కూడా అరిగే ఉంటుంది. రిమ్ము బ్రేకులు అన్నావు కదా, రిమ్ము పక్క గోడ మీద వేలు పెట్టి రుద్ది చూడు, లోపలికి గుంట తగిలితే వదిలేయ్. అన్నీ బావున్నా ఆ రకం బ్రేకుల కింద 28కి మించి టైరు పట్టడం కష్టం. గాలి 80 పీఎస్ఐ దాకా కొట్టాలి, గోపన్‌పల్లి వైపు రోడ్డు తవ్వి పూడ్చిన చోటల్లా నీ నడుముకి తెలుస్తుంది. అదే 38 లేదా 40 టైరు అయితే, నీ బరువు 70 దగ్గరుంటే, 40 పీఎస్ఐ చుట్టుపక్కల చాలు, ముందు చక్రానికి ఇంకాస్త తక్కువ.

ఇంకో ముఖ్యమైన సంగతి సైజు. షాపులో స్టాకులో ఉన్న సైజే నీ సైజని ఒప్పించేస్తారు. ఎత్తు చెప్పి ఊరుకోకుండా ఎక్కి, కనీసం పావుగంట తొక్కి చూడు.

మొరం దారి:
రేగడి మాట ఒప్పుకుంటున్నా, నేనూ ఒకసారి మోశాను. కానీ బ్రెవే సంగతి ఎవరూ పట్టించుకోవట్లేదు. 200 కిలోమీటర్లకి 13 గంటల 30 నిమిషాలే ఇస్తారు, అందులోనే టిఫిను, పంచరు, కంట్రోల్ (దారిలో హాజరు వేయించుకునే చోటు) దగ్గర ఆగడం, అన్నీ. తిన్నటి హ్యాండిల్ మీద మధ్యాహ్నం ఎండలో చివరి 60 కిలోమీటర్లు చాలా కష్టం తమ్ముడూ. రెండేళ్లలో ఈ హైబ్రిడ్ అమ్మి గ్రావెలే కొంటావు, రాసి పెట్టుకో.

పాత రిమ్ము:
అన్నా, లెక్క వేస్తే అది ఆగడాలన్నీ కలుపుకుని గంటకి 15 కిలోమీటర్ల లోపే. తొక్కేటప్పుడు 20 పట్టుకుంటే మూడున్నర గంటలు ఆగడానికి మిగులుతాయి. నేను రెండుసార్లు హైబ్రిడ్ మీదే పూర్తి చేశాను, రెండోసారి 12 గంటల లోపు. 300కో 400కో పోతానంటే అప్పుడు మీ మాటే నా మాట. ఇప్పుడు మిగిలే డబ్బుతో మంచి లైటు, రెండు ట్యూబులు, తుమ్మ ముళ్లకి సీలెంటు (ముల్లు గుచ్చిన రంధ్రాన్ని లోపలి నుంచి మూసే ద్రవం) కొనుక్కోనివ్వండి. ఐదు నెలలు ఆగితే ఈ చలికాలమే పోతుంది, మంచు పడే పొద్దున వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండ ఎక్కే అదృష్టం మళ్లీ ఏడాది దాకా రాదు.

చక్రాల అక్క:
అనంతగిరి అన్నారు కాబట్టి గుర్తొచ్చింది, గేర్లు కూడా చూసుకో. ముందు చిన్న పళ్లచక్రానికి, వెనక పెద్ద పళ్లచక్రానికి పళ్లు లెక్కపెట్టు, ముందుదానికంటే వెనకది పెద్దది లేదా సమానం ఉంటే ఘాట్‌లో దిగి నడవక్కర్లేదు. ధర దగ్గర కూడా అడుగు, 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది, పాత ధరల పట్టీ చూపిస్తే ఒప్పుకోకు.

నల్లగండ్ల రైడర్:
అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న సాయంత్రం టేపు, అక్క చెప్పిన చైన్ చెకర్ పట్టుకుని వెళ్లాను. పాత రోడ్ బైక్ రిమ్ము మీద వేలు పెడితే గుంట స్పష్టంగా తగిలింది, వదిలేశా. గ్రావెల్ బైక్‌లో 40 టైరుకి వెనక ఒక్కో పక్క నాలుగు మిల్లీమీటర్లే. హైబ్రిడ్‌లో 38 టైరుకి వెనక ఏడు, ముందు ఫోర్కులో తొమ్మిది. వెనక పెద్ద పళ్లచక్రానికి 34 పళ్లు, ముందు చిన్నదానికి 28. మీడియం సైజు తొక్కి చూశా, హ్యాండిల్ కాస్త వెడల్పనిపించింది, రెండు చివర్లా కొంచెం కోసిస్తామన్నారు. మొరం దారి అన్నా, మీ మాట కొట్టిపారేయట్లేదు, బార్ ఎండ్లు వేయించుకుంటున్నా, 200 అయ్యాక నా అరచేతులు ఎలా ఉన్నాయో ఇక్కడే రాస్తా.

శనివారం డెలివరీ. ఆదివారం పొద్దున ఐదున్నరకి నార్సింగి దగ్గర సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ మొదట్లో ఉంటా, కొల్లూరు దాకా వెళ్లి బ్రేకులు అలవాటు చేసుకుని, ఆ తర్వాత ఆరిన మొరం మీదికి. ఎవరైనా వస్తారా?

మొరం దారి:
వస్తున్నా. ట్యూబులు నావి కూడా ఒకటి ఎక్కువ పెట్టుకుంటా, మొదటి రోజే ముల్లు దిగితే నీ మనసు విరిగిపోతుంది.