లేవగానే హెలికాప్టర్ గిర్రున తిరిగిపోతోంది

ప్రశ్న: అన్నలూ, నాలుగు ఛానెళ్ల (అంటే నాలుగు రకాల కదలికల్ని నడిపే) చిన్న రిమోట్ హెలికాప్టర్ కొని నెలైంది. నిన్నటి నుంచి నేల వదలగానే ముక్కు పక్కకి తిరిగిపోతోంది. రిమోట్ మీద పక్కకి లాగడాన్ని సరిచేసే ట్రిమ్ బటన్ చివరిదాకా నొక్కినా ఆగట్లేదు. పెద్ద మోటార్ వేయాలా?

జవాబు 1: వేస్తే ఇంకా తిరుగుతుంది తమ్ముడూ! పై రెక్కల ఎదురు తోపుని ఆపేది తోక ఫ్యానే. దాన్ని వేలితో తిప్పి చూడు. నాదానికి మా అమ్మాయి తలవెంట్రుక ఇరుసుకి బిగుసుకుపోయింది. సూదితో లాగేశాక నిలకడగా నిలబడింది.

జవాబు 2: వెంట్రుక లేకపోతే తోక మోటార్‌లో కరెంటు అందించే బ్రష్‌లు అరిగి ఉంటాయి, మోటార్ మార్చెయ్. ఇంకో మాట, దాని లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీని 4.2 వోల్టుల దగ్గర, అంటే ఫుల్ ఛార్జ్‌తో, వారాలు వదలకు, ఉబ్బిపోతుంది. 3.8 దగ్గర దాచు.

అడిగినవారు: వెంట్రుకే అన్నా, మూడు చుట్లు! ఇప్పుడు బల్ల ఎత్తులో కదలకుండా ఉంటోంది. ఆరు ఛానెళ్లది కొననా?

జవాబు 1: ముక్కు నీవైపు పెట్టి నిలబెట్టగలిగాక కొను. అప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి, నాకు దానికే రెండు నెలలు పట్టింది.