అప్‌డేట్: ఢిల్లీ, ఆగ్రా, జైపూర్ యాత్రకు ప్రత్యేక గైడు అవసరమా?

అమ్మానాన్నలతో ఈ మూడు నగరాలూ చూడటానికి కారుతో పాటు గైడును కూడా మాట్లాడుకోవాలా అని ఇంతకుముందు అడిగాను. యాత్ర ముగించుకుని వచ్చాం, సలహాలిచ్చిన వారందరికీ ధన్యవాదాలు.

తాజ్‌మహల్‌కు శుక్రవారం, ఎర్రకోటకు సోమవారం సెలవు కనుక, మీరు చెప్పినట్టే వారాలు చూసుకున్న తర్వాతే ఊళ్ల వరుస ఖరారు చేశాం. తాజ్‌మహల్ వద్ద గైడు చెప్పినదానిలో చాలా భాగం మాకు తెలిసినదే. జైపూర్‌లోని పాతకాలపు ఖగోళ వేధశాల జంతర్ మంతర్‌లో మాత్రం, జైపూర్ రాజు సవాయి జైసింగ్ కట్టించిన సుమారు 27 మీటర్ల ఎత్తైన నీడ గడియారం సమ్రాట్ యంత్రం నీడ కొలతల గీతల మీద ఎలా కదులుతుందో చూపించి, అది తెలిపే స్థానిక కాలానికీ మన గడియారానికీ తేడా ఎందుకు వస్తుందో (భారత ప్రామాణిక కాలాన్ని 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి లెక్కిస్తారు, జైపూర్ దానికి పడమరన ఉంది) గైడు ఓపికగా వివరించకపోయి ఉంటే, అవన్నీ మాకు వట్టి రాతి కట్టడాలుగానే మిగిలేవి.

ఆగ్రా దగ్గరున్న ఫతేపూర్ సిక్రీలో, మసీదు ప్రధాన ద్వారమైన బులంద్ దర్వాజా మెట్లు నిటారుగా ఉంటాయి. నాన్నగారి మోకాళ్ల నొప్పుల దృష్ట్యా తూర్పున ఉన్న బాద్‌షాహీ దర్వాజా గుండా లోపలికి వెళ్లాం. దుకాణాల వద్ద ఆపవద్దని బేరం కుదిరేటప్పుడే చెప్పడం మేలైంది, అయినా ఆగ్రాలో పాలరాతి బొమ్మల ప్రస్తావన రానే వచ్చింది! ఖర్చు తగ్గించుకోదలచినవారు తాజ్‌మహల్‌కు మాని, జంతర్ మంతర్‌కు గైడును పెట్టుకోవచ్చు.