కొసోవోను భారత్ గుర్తించాలా, వద్దా?

గోదారి_గట్టు: 2008 ఫిబ్రవరి 17న కొసోవో సెర్బియా నుంచి విడిపోయి స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. అమెరికా, జర్మనీ, జపాన్ ఎప్పుడో గుర్తించాయి. మనం మాత్రం ఉలకం, పలకం. 2018లో ఢిల్లీలో మహిళల ప్రపంచ బాక్సింగ్ పోటీలు జరిగితే ఆ దేశ బాక్సర్ దొంజెతా సాదికుకు వీసా ఇవ్వలేదు. ఒలింపిక్ కమిటీ 2014లోనే వాళ్లను చేర్చుకుంది. రియోలో జూడో స్వర్ణం కూడా గెలిచారు. ఆటలకు అడ్డుపడటం ఎందుకు?

సెక్షన్_శాస్త్రి: "ఆ దేశ బాక్సర్" అని మీరే తీర్పు ఇచ్చేశారు. భద్రతా మండలి 1999లో చేసిన 1244వ తీర్మానం చదవండి. యుగోస్లావియా (అప్పట్లో సెర్బియా, కొసోవో అందులోవే) సార్వభౌమత్వం గురించి అందులో స్పష్టంగా ఉంది. అది రద్దు కాలేదు.

గోదారి_గట్టు: 2010లో అంతర్జాతీయ న్యాయస్థానం 10-4తో ఏం చెప్పిందో కూడా చదవండి. ఆ ప్రకటన చట్టవిరుద్ధం కాదంది.

సెక్షన్_శాస్త్రి: ప్రకటన చట్టవిరుద్ధం కాదంది, అంతే. కొసోవో దేశమని ఎక్కడా అనలేదు. ఆ ప్రశ్న మమ్మల్ని అడగలేదని కూడా చెప్పింది.

చాయ్_బిస్కట్: ఇద్దరూ భోంచేశారా?

నల్గొండ_నాన్న: గుర్తింపు లేకపోతే ఎట్లుంటదో నాకు తెలుసు. మా పాప కబడ్డీ ఆడుతది. మా దగ్గర రెండు సంఘాలు, రెండూ మేమే అసలంటాయి. గెలిచి తెచ్చుకున్న సర్టిఫికెట్ స్పోర్ట్స్ కోటాకి చెల్లదన్నారు.

సెక్షన్_శాస్త్రి: సార్, సర్టిఫికెట్ గొడవకీ సరిహద్దు గొడవకీ సంబంధం ఏంటి?

నల్గొండ_నాన్న: మీ పిల్లకు జరిగితే తెలిసేది.

గోదారి_గట్టు: 2015లో యునెస్కో సభ్యత్వానికి కొసోవోవాళ్లు మూడు ఓట్లు తగ్గి ఆగిపోయారు. ఐక్యరాజ్యసమితికి వెళ్దామంటే రష్యా వీటో. సొంత ప్రభుత్వం, ఎన్నికలు, పాస్‌పోర్టు అన్నీ ఉన్నాయి, ఇంకేం కావాలి? శాస్త్రిగారూ, మీ బాధ సెర్బియా కాదు, కశ్మీర్. ఆ మాట చెప్పడానికి ఇన్ని సెక్షన్లెందుకు?

సెక్షన్_శాస్త్రి: అవును, కశ్మీరే! స్పెయిన్ కూడా విడిపోతామంటున్న తన ప్రాంతం కాటలోనియాని చూసుకునే ఆగింది. అసలు దేశం ఒప్పుకోకపోయినా విడిపోవచ్చని మనమే సంతకం పెడితే, రేపు ఏ మొహం పెట్టుకుని కాదంటాం?

గోదారి_గట్టు: బంగ్లాదేశ్‌ని 1971 డిసెంబరు 6నే గుర్తించాం. పాకిస్తాన్ ఒప్పుకున్నది 1974లో. అప్పుడు ఏ మొహం పెట్టుకున్నాం?

సెక్షన్_శాస్త్రి: అప్పుడు కోటిమంది శరణార్థులు మన మీద పడ్డారు.

గోదారి_గట్టు: 1999లో సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్ పంపిన బలగాలు కొసోవో నుంచి అక్కడ ఎక్కువగా ఉండే అల్బేనియన్లను లక్షల మందిని తరిమేశాయి. మన గడపకు రాలేదు కాబట్టి లెక్కలోకి రారా?

సెక్షన్_శాస్త్రి: జాలి పడతాను. గుర్తింపు మాత్రం ఇవ్వను. ఢిల్లీలో ఎవరు కుర్చీలో కూర్చున్నా ఇవ్వలేదు, గమనించారా?