హైదరాబాద్ ఆబిడ్స్ ఆదివారం పుస్తకాల బజారును మైదానానికి మార్చాలా?

కవాడిగూడ శ్రీను:
పోయిన ఆదివారం అమ్మతో ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసు (జీపీఓ) దగ్గర బస్సు దిగాను. ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాల గుట్టలు. చేతికర్ర పట్టుకుని నడిచే మనిషి, ఆ ట్రాఫిక్‌లో రోడ్డు మీదికి దిగాల్సి వచ్చింది. పుస్తకాలంటే నాకూ ఇష్టమే. ఏదైనా మైదానం చూపిస్తే అమ్మేవాళ్లకూ ఎండలో తిప్పలు తగ్గుతాయి కదా?

పాత పేజీ:
అమ్మగారి ఇబ్బందికి జవాబు చెప్పకుండా బజారును వెనకేసుకు రావడం న్యాయం కాదండీ. కానీ మైదానం మాటకు ఒప్పుకోలేను. ఆ చౌరస్తాకు పేరొచ్చిందే ఒక కొట్టు వల్ల. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ అక్కడ దుకాణం పెట్టాడు. దుకాణం పోయింది, పేరు నిలిచింది. ఆదివారం పెద్ద షాపుల షట్టర్లు దిగితే వాటి ముందు పుస్తకాలు పరుచుకుంటాయి. షాపు అద్దె లేదు కాబట్టే ఇంటర్ రోజుల్లో నాలాంటివాడు బస్సు చార్జీ మిగుల్చుకుని ఫిజిక్స్ గైడు కొనగలిగాడు. నేను పుస్తకం కోసం బయల్దేరలేదు, బస్సు కోసం నిలబడితే కనబడింది. మైదానానికి అలా ఎవరు వస్తారు?
ఢిల్లీ దర్యాగంజ్ ఆదివారం పుస్తకాల బజారు చూడండి. 2019 జులైలో హైకోర్టు ఆదేశంతో ఫుట్‌పాత్ ఖాళీ చేయించారు. మహిళా హాట్ ప్రాంగణంలో మళ్లీ మొదలయ్యేసరికి సెప్టెంబరు. ఆదివారం సంపాదన మీద బతికేవాళ్లకు రెండు నెలలంటే మాటలా?

కవాడిగూడ శ్రీను:
రెండు నెలలు కష్టమే, కాదనను. కానీ అక్కడ బజారు చచ్చిపోలేదుగా, ప్రాంగణంలో నడుస్తోంది. ఇక్కడ మాత్రం అమ్మ ప్రతిసారీ రోడ్డు మీద నడవాలా?

బర్కత్‌పుర వకీలు:
2014 వీధి విక్రేతల చట్టంలో ఒక మాట ఉంది. 50 ఏళ్లకు పైగా సహజంగా నడుస్తున్న బజారును వారసత్వ బజారుగా ప్రకటించాలి, అక్కడివాళ్లను కదపకూడదు. అయితే అన్నేళ్లుగా ఉందని చూపించాలి. పాత ఫొటోలున్నవాళ్లు ఇప్పుడే బయటికి తీయండి. వీధి వ్యాపారాల విషయం చూసే పట్టణ విక్రయ కమిటీలో 40 శాతానికి తగ్గకుండా వీధి వ్యాపారుల ప్రతినిధులు ఉండాలి, కాబట్టి వాళ్లను అడగకుండా చోటు తేల్చడం కుదరదు.

పాత పేజీ:
అయితే ముందు అడగాల్సింది ఇదీ: పుస్తకాలు షట్టర్ల వైపుకే జరగాలి, రోడ్డు వైపు ఇద్దరు పక్కపక్కన నడిచేంత దారి వదలాలి, అక్కడ పసుపు గీత గీయాలి. శ్రీను గారూ, వచ్చే ఆదివారం రండి, అమ్మేవాళ్లతో కలిసి మాట్లాడదాం.

కవాడిగూడ శ్రీను:
వస్తాను. అమ్మను కూడా తీసుకొస్తాను, ఎంత దారి కావాలో ఆవిడ నడిచి చూపిస్తుంది.