వీధి సువార్తకు సంఘస్థుల్ని కదిలించేదెలా?

ప్రశ్న (యూత్ సెక్రటరీ, ఖమ్మం)

అందరికీ వందనాలు. మాది ఖమ్మంలో ఓ మోస్తరు సంఘం. ఆదివారం ఆరాధనకు లోపల చోటు చాలక బయట షామియానా వేస్తాం. డిసెంబర్‌లో క్యారల్ రౌండ్స్ అంటే వ్యాన్‌లో సీటు కోసం పోట్లాడుకుంటారు. అర్ధరాత్రి దాటినా "ఇంకో ఇల్లుంది, పదండి" అంటారు. అదే జనాన్ని శనివారం సాయంత్రం పాత బస్టాండ్ దగ్గర వీధి సువార్తకు రమ్మంటే ఒక్కరూ కదలరు. పాస్టరు గారు ప్రకటన చేసినప్పుడు ఆమెన్ మాత్రం గట్టిగానే వినిపిస్తుంది. తీరా శనివారం చూస్తే నేను, పాస్టరు గారు, కీబోర్డు వాయించే తమ్ముడు.

అడిగితే ఒకరికి డ్యూటీ, ఒకరికి పిల్లల పరీక్షలు. ఒక అంకుల్ మాత్రం ఉన్నమాట చెప్పారు. "మా ఆఫీసోళ్లు ఆ తొవ్వనే పోతరు బాబూ. చేతిల కరపత్రాలతోటి నన్ను చూస్తే రేపట్నుంచి ఎట్లుంటదో." దీనికి నా దగ్గర జవాబు లేదు. ఎవరైనా ఫోన్‌లో వీడియో తీసి గొడవ చేస్తారేమోనని నాకూ టెన్షన్‌గానే ఉంటుంది. మీ సంఘాల్లో ఎలా చేస్తున్నారు?

జవాబు 1 (గాజువాక నుంచి)

బ్రదర్, ప్రైజ్ ది లార్డ్. సమర్పణ లేకే ఇదంతా. లూకా 10లో ప్రభువు డెబ్బైమందిని ఇద్దరిద్దరిగా పంపాడు, ఎవరూ సాకులు చెప్పలేదు. ఒక శుక్రవారం ఉపవాస ప్రార్థన పెట్టండి, సువార్త చెప్పాలన్న భారం అదే వస్తుంది.

జవాబు 2 (రిటైర్డ్ టీచర్, స్త్రీల మైత్రి, మహబూబాబాద్ దగ్గర)

పై బ్రదర్ చెప్పిన ప్రార్థనను నేను కాదనను. కానీ బాబూ, "ఎవరైనా రండి" అంటే ఎవరూ రారు. ఎవరినో అంటున్నారనుకుంటారు. ఇంటికి వెళ్లి, పేరు పెట్టి పిలిచి, ఫలానా పని నీదమ్మా అని చెప్పాలి. మనవాళ్ల భయం సువార్త అంటే కాదు, మైకు అంటే. ఎవరైనా ప్రశ్న వేస్తే నోరు పెగలదేమోనని.

డోర్నకల్ మీకు పక్కనే కాబట్టి చెప్తున్నా. అజరయ్య గారు 1912లో అక్కడ బిషప్ అయ్యారు. కొత్తగా బాప్తిస్మం తీసుకున్నవాళ్ల చేత నెత్తిన చెయ్యి పెట్టించి, "సువార్తను ప్రకటింపక పోయినయెడల నాకు శ్రమ" అనే మాట చెప్పించేవారు. వాళ్లలో ఎక్కువమంది మాల మాదిగ కూలి జనం, అక్షరం ముక్క రానివాళ్లు. ఏడాదిలో ఒక వారం సాక్ష్యానికని పెట్టుకుని సంఘాలకు సంఘాలే పక్క పల్లెలకు వెళ్లేవి. ప్రసంగం ఎవరికొచ్చు? తమ ఇంట్లో జరిగింది చెప్పేవాళ్లు.

మేం ఎండాకాలం బస్టాండ్ దగ్గర చలివేంద్రం పెడతాం. నీళ్లు, మజ్జిగ. కరపత్రాలు బల్ల మీద ఒక మూలన ఉంటాయి, కావాలన్నవాళ్లు తీసుకుంటారు. మా దగ్గర మిషన్ కుట్టే అమ్మాయి ఒకామె ఉంది. కూటంలో నోరు తెరిచి ప్రార్థన కూడా చెయ్యదు. గ్లాసులు కడిగే పని ఇచ్చాం. ఒకనాడు బస్సు కోసం కూర్చున్న ముసలామె, "పైసలు తీసుకోరేందమ్మా?" అని అడిగింది. ఈ పిల్ల గ్లాసు పక్కన పెట్టి, చున్నీకి చేతులు తుడుచుకుని, "మా బాబు దవాఖానల ఉన్నప్పుడు చర్చోళ్లు వంతులేసుకుని నాకు అన్నం తెచ్చిన్రు. మా దేవుడు గట్లనే చేయమన్నడు" అంది. ఇంతలో బస్సొచ్చింది, ఆమె ఎక్కిపోయింది. అంతే. ఆ తర్వాత ఈ అమ్మాయిని మళ్లీ పిలవాల్సిన పని పడలేదు, మా అందరికంటే ముందే వచ్చి బల్ల వేస్తోంది.

ఇక మీ అంకుల్ గురించి. ఆయన్ని భక్తి తక్కువ మనిషి అనకండి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్న దళితుడికి ఎస్సీ హోదా ఉండదు, మన దగ్గర వెనుకబడిన తరగతుల్లో బీసీ-సి గ్రూపు కింద వేస్తారు. ఎన్ని ఇళ్లలో సర్టిఫికెట్‌లో హిందూ ఎస్సీ, ఆదివారం చర్చి అన్నట్టు ఉందో నీకూ తెలుసు. ఆ లెక్క ఆయన, ఆయన దేవుడు తేల్చుకోవాలి, మైకు పట్టుకున్న మనం కాదు. ప్రెస్ నుంచి కరపత్రాలు తేవడం, ఖర్చు రాయడం ఆయనకు అప్పజెప్పు.

జవాబు 3 (అడ్వకేట్, విజయవాడ)

వీడియో భయం ఉందన్నారు కాబట్టి రెండు ముక్కలు. ఆర్టికల్ 25 మత ప్రచారానికి హక్కు ఇస్తుంది, శాంతిభద్రతలకు లోబడి. అయితే ఎదుటివాడి మతం మార్పించడం హక్కు కాదని 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. లౌడ్‌స్పీకర్‌కు ముందే రాతపూర్వకంగా పర్మిషన్ తీసుకోండి. రాత్రి 10 తర్వాత అసలు వద్దు. గుడి దగ్గర కరపత్రాలు పంచకండి. నోటిఫై చేసిన పుణ్యక్షేత్రాల్లో అన్యమత ప్రచారం కుదరదని 2007లో ఆంధ్రప్రదేశ్ చట్టమే చేసింది. రోగం తగ్గుతుందని, డబ్బో ఉద్యోగమో వస్తుందని మాట ఇవ్వొద్దు. చిన్నపిల్లల చేతికి కరపత్రం ఇవ్వొద్దు. ఎవరైనా వద్దంటే వాదన పెట్టుకోకుండా పక్కకు తప్పుకోండి. "సాత్వికముతోను భయముతోను" జవాబు చెప్పమని బైబిల్లో పేతురు ఊరికే రాయలేదు.

యూత్ సెక్రటరీ, ఖమ్మం

థాంక్యూ అమ్మా, థాంక్యూ సార్. అంకుల్‌కి ఇప్పుడే ఫోన్ చేశా. ప్రెస్ పనే కాదు, కుర్చీలు కూడా తానే పంపిస్తానన్నారు! పర్మిషన్ కాగితం పాస్టరు గారు రాస్తున్నారు. అమ్మా, మజ్జిగలోకి ఐస్ బయట కొనమంటారా?

రిటైర్డ్ టీచర్

వద్దు బాబూ, ఆ ఐస్ ఏ నీళ్లతో చేస్తారో ఎవరికి తెలుసు. రెండు పెద్ద కుండలు కొని, తడి గోనె చుట్టి, ముందు రోజు రాత్రే నీళ్లు నింపి పెట్టండి. ఉదయం ఆ నీళ్లతోనే చిలకండి. పెరుగు మాత్రం నలుగురి ఇళ్లలో తోడు పెట్టించు, ఆ నలుగురూ తప్పకుండా వస్తారు.