సేవా నాటకంలో వస్తువుల బల్ల అప్పగించారు, ఏమేం చూసుకోవాలి?

తొలి అడుగు:
వైద్య సహాయ నిధి కోసం వేస్తున్న నాటకానికి స్వచ్ఛందంగా పేరిచ్చాను. టికెట్ల దగ్గర కూర్చోబెడతారనుకుంటే, తెర వెనుక వస్తువుల బల్ల చూసుకోమన్నారు. నటులకు ఉత్తరం, చేతికర్ర, లాంతరు వంటివి అందించాలట. నల్ల బట్టలు వేసుకుని రమ్మనడం తప్ప ఇంకేమీ చెప్పలేదు. ఊరికే నిలబడటం నా స్వభావం కాదు. ఖాళీ దొరికితే మిగతావాళ్ల పనిలోనూ చేయి వేయాలని ఉంది. సలహా ఇవ్వగలరా?

వింగు పక్క మనిషి:
మీ చివరి మాట చూసి భయపడే రాస్తున్నాను. సేవా ప్రదర్శనల్లో తెర వెనుక గందరగోళం బద్ధకస్తుల వల్ల కంటే మంచి మనసుతో చేయి వేసేవాళ్ల వల్లే ఎక్కువ. బల్ల మీద అడ్డదిడ్డంగా ఉందని ఎవరో కళ్లజోడును ముచ్చటగా సర్ది పక్కన పెడతారు. చీకట్లో పరుగున వచ్చే నటుడు దాన్ని కళ్లతో వెతకడు, చేత్తో తడుముతాడు. అక్కడ లేకపోతే అది లేకుండానే వేదిక మీదికి వెళ్లిపోతాడు. "కళ్లజోడు తీసి చూశాను" అన్న సంభాషణ వచ్చేసరికి ఏం తీయాలి?

బల్ల మీద తెల్ల కాగితం పరచండి. ఒక్కో వస్తువు చుట్టూ గీత గీసి, దాని పేరు, ఏ రంగంలో ఎవరు తీసుకెళ్తారో లోపల రాయండి. గడి ఖాళీగా ఉందంటే వస్తువు వేదిక మీదైనా ఉండాలి, ఎవరి జేబులోనైనా ఉండాలి. చాలాసార్లు జేబులోనే. నటుడు తిన్నగా గ్రీన్ రూముకు పోతే మీ ఉత్తరమూ వెంటే పోతుంది. కాబట్టి అతను వింగులోకి, అంటే వేదిక పక్కన ప్రేక్షకులకు కనిపించని చోటికి, రాగానే చేయి చాచండి, మొహమాటం వద్దు. కొందరు కుడివైపు నుంచి వెళ్లి ఎడమవైపు దిగుతారు, అటువైపు అందుకునే మనిషిని ముందే మాట్లాడుకోండి. ఇక్కడ కుడి, ఎడమ అంటే ప్రేక్షకులకు ఎదురుగా నిలబడ్డ నటుడివి. చించేసే ఉత్తరమైతే నకళ్లు దండిగా పెట్టుకోండి.

ప్రేక్షకులను లోపలికి వదలకముందు, విరామంలో, చిట్టా పట్టుకుని ప్రతిదీ ముట్టి చూడండి. ఉందో లేదో అన్నదే కాదు, పనిచేస్తుందో లేదో కూడా చూడాలి: ఒక్కోసారి లాంతరు బల్ల మీదే ఉంటుంది, కానీ వెలగదు.

దీపాల మనిషి:
వస్తువుల సంగతి సరే, వెలుతురు గురించి ఒక మాట. టార్చికి నీలి కాగితం చుట్టండి. చీకటికి కళ్లు పూర్తిగా అలవాటు పడాలంటే 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, ఫోను తెర వెలుగు దాన్ని క్షణంలో చెడగొడుతుంది. పైగా వేదిక వెలుతురులోంచి వచ్చే నటుడికి మీకంటే తక్కువే కనిపిస్తుంది. మెట్ల అంచులకు తెల్ల టేపు వేయించండి.

ఖాళీ పెట్టెలు తలుపుల దగ్గర పేర్చనివ్వకండి. 1903లో షికాగో ఇరోక్వా థియేటర్లో దీపం నుంచి తెరకు నిప్పంటుకుంది. అగ్ని నిరోధక తెర దించబోతే మధ్యలో ఇరుక్కుపోయింది. చాలా తలుపులు తాళాలతో, పరదాల మాటున ఉన్నాయి. 600 మందికి పైగా చనిపోయారు. చేయి వేయాలని ఉందన్నారు కదా, తలుపుల ముందు దారి ఖాళీగా ఉందో లేదో మీరే చూడండి, ఆ పని సాధారణంగా ఎవరూ తీసుకోరు.

తొలి అడుగు:
ఇద్దరికీ ధన్యవాదాలు. నటుడు వస్తువు మరిచి వెళ్లిపోతే వింగులోంచి చేయి చాచి అందించవచ్చా?

వింగు పక్క మనిషి:
వద్దండీ. వెంటనే స్టేజి మేనేజరుకు చెప్పండి. తరువాత వెళ్లే పాత్ర చేతికిచ్చి పంపాలా, వదిలేయాలా అన్నది వారే తేలుస్తారు. నటుడు ఏదో ఒకటి అనేసి దాటించేస్తే ప్రేక్షకులకు అనుమానమే రాదు. అన్నట్టు, నాటక ప్రతి మీ చేతికిచ్చారా? ఇవ్వకపోతే ఈ రోజే అడగండి. వస్తువు ప్రస్తావన వచ్చిన ప్రతి చోటా గీత పెట్టుకుంటూ చదవండి. సంభాషణలో వచ్చి చిట్టాలో లేనివి తప్పకుండా కొన్ని దొరుకుతాయి.