బజర్డ్ అంటే గద్దా, రాబందా? అమెరికా వాళ్ళు తప్పుగా పిలుస్తున్నారా?

ఆస్టిన్_పిట్టలు:
మా పిల్లల తెలుగు క్లాసు కోసం టెక్సాస్ పక్షుల చార్ట్ చేస్తున్నాం, ప్రతి ఫొటో కింద తెలుగు పేరు రాయాలి. రోడ్డు పక్కన చచ్చిన జింక మీద వాలే పెద్ద నల్ల పక్షి, ఎర్రటి బోడి తల, కాళ్ళ మీద సున్నం పూసినట్టు తెల్లటి చారలు (ఒంటి వేడి తగ్గడానికి తన రెట్టే కాళ్ళ మీద వేసుకుంటుంది). దీన్ని ఇక్కడి వాళ్ళు బజర్డ్ అంటారు. బ్రిటన్‌లో ఉండే మా బావ బజర్డ్ అని పంపిన ఫొటోలో మాత్రం తల నిండా ఈకలున్న గోధుమ రంగు గద్ద ఉంది. నేనైతే రాబందు అనే రాద్దామనుకుంటున్నా. మీరేమంటారు?

కొల్లేటి_కొంగ:
రాబందు అనే రాయండి, ఇందులో ఆలోచించడానికేం లేదు. బజర్డ్ అంటే బ్యూటియో ప్రజాతి గద్ద, బతికున్న ఎలుకల్నీ కుందేళ్ళనీ పట్టుకు తింటుంది. ఇంగ్లండ్ నుంచి వలస వెళ్ళినవాళ్ళు అక్కడ ఆకాశంలో రెక్కలు చాపి చుట్లు కొట్టే పక్షిని చూసి తమ ఊరి పేరు తగిలించేశారు, నిజంగా బజర్డ్ అనాల్సినవాటికేమో హాక్ అని పెట్టారు. చలికాలంలో ఉత్తరాది నుంచి దిగొచ్చే బ్యూటియో లాగోపస్ అనే గద్ద బ్రిటన్‌లో రఫ్-లెగ్డ్ బజర్డ్, అమెరికాలో రఫ్-లెగ్డ్ హాక్. పక్షి ఒక్కటే! మన పొలాల్లో స్తంభం మీద గంటల తరబడి కదలకుండా కూర్చుని మిడతల కోసం, తొండల కోసం చూసే తెల్లకళ్ళ గద్దని పుస్తకాల్లో వైట్-ఐడ్ బజర్డ్ అంటారు. మీ పిల్లలు సెలవులకి ఇక్కడికొచ్చి ఆ పేరు విని అది శవాలు తినే పక్షి అనుకోరా?

ఒహాయో_రావు:
కొంగ గారూ, తప్పు అనే మాట దగ్గరే నాకు అభ్యంతరం. మా రాష్ట్రంలో హింక్లీ అనే ఊళ్ళో ఏటా మార్చి 15న బజర్డ్‌లు తిరిగొచ్చాయా లేదా అని పొద్దున్నే జనం ఎదురుచూస్తారు, 1957 నుంచి దాన్నొక పండగలా చేసుకుంటున్నారు. వందల ఏళ్ళుగా వాళ్ళ నోట్లో నలిగిన పేరు అది. పోనీ మీ బ్రిటన్ లెక్కయినా నికార్సుగా ఉందా అంటే అదీ లేదు. కందిరీగల గూళ్ళు తవ్వి పురుగుల్ని తినే హనీ బజర్డ్ బ్యూటియో కాదు. మీరు చెప్పిన తెల్లకళ్ళ గద్దా బ్యూటియో కాదు, బ్యుటాస్టర్ అనే వేరే ప్రజాతి. అసలు ఇంగ్లీషులో ఆ మాట ఒకప్పుడు తిట్టు కూడా, డేగలతో వేటాడించేవాళ్ళకి బజర్డ్ పనికిరాని పక్షి కాబట్టి పనికిమాలినవాణ్ణి అలా పిలిచేవారు. ఇన్నిట్లో ఒక్కదాన్నే అసలు అర్థం అని ఎలా తేలుస్తారు?

కొల్లేటి_కొంగ:
నోటితో ఏమైనా పిలుచుకోనివ్వండి రావు గారూ, నాకేం బాధ లేదు. చార్ట్ పిల్లలు నేర్చుకునేది, అక్కడ తేడా తెలియాలి.

పశువుల_డాక్టర్_కడప:
రాబందు అని ఊరికే వదిలేసినా పొరపాటే సార్. మన రాబందులు గద్దల కుటుంబానివి, అమెరికావి వేరే కుటుంబం, ఒకే పని చేసీ చేసీ ఒకే రూపానికి వచ్చాయి. మనవి కంటితో వెతుకుతాయి, మీ ఎర్రతలది అడవి చెట్ల కిందున్న కళేబరాన్ని కూడా వాసనతో పట్టేస్తుంది. కాలిఫోర్నియాలో గ్యాస్ పైపు లీకైన చోట ఇవి గుమిగూడేవి, లీకైతే తెలియడానికి ఆ గ్యాస్‌లో కలిపే మెర్కాప్టన్ అనే రసాయనం వాసన కుళ్ళిన కళేబరం వాసనలాంటిది మరి. ఇంకో సంగతి, పశువులకిచ్చిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు వల్ల, ఆ కళేబరాలు తిని మన తెల్లవీపు రాబందులు 99 శాతానికి పైగా పోయాయి, 2006లో పశువుల వాడకానికి నిషేధించారు. అదే మందు ఎర్రతల పక్షికి ఇచ్చి చూస్తే తట్టుకుంది. లోపల ఒళ్ళే వేరు. మా వైపు చచ్చిన గొడ్డుని ఊరి బయట పడేస్తే ఇప్పుడు కుక్కలే వస్తున్నాయి, రాబందు ఎలా ఉంటుందో చూడని పిల్లలకి ఆ పేరు కింద వేరే పక్షి ఫొటో పెడితే మనదాన్ని ఇంకెప్పుడు గుర్తుపడతారు?

ఒహాయో_రావు:
డాక్టరు గారూ, ఇది మాత్రం ఒప్పుకుంటా. అయితే బజర్డ్ అనే మాట చార్ట్‌లో ఎక్కడో ఒకచోట ఉండాలి, లేకపోతే పక్కింటి తాత చెప్పే పక్షీ చార్ట్‌లో పక్షీ ఒకటేనని పిల్లలకి తెలియదు.

ఆస్టిన్_పిట్టలు:
సరే, అయితే "అమెరికా ఎర్రతల రాబందు" అని పెద్ద అక్షరాల్లో, కింద "ఇక్కడ బజర్డ్ అంటారు" అని. దాని పక్కనే జోన్-టెయిల్డ్ హాక్ పెడుతున్నా. అది బ్యూటియో, అంటే కొంగ గారి లెక్కలో బజర్డే, కానీ ఎగిరేటప్పుడు అచ్చం ఈ రాబందులాగే రెక్కలు వి ఆకారంలో ఎత్తి అటూ ఇటూ ఊగుతుంది. రాబందే కదా అని కింద జంతువులు బెదరవు, దెబ్బ కొట్టేస్తుంది అని కొందరి వాదన. పశ్చిమ టెక్సాస్ కొండల్లో ఉంటుంది. దానికి మంచి తెలుగు పేరు ఎవరైనా చెప్పండి, తోక మీద తెల్లటి పట్టీలుంటాయి.